ఏడో గుమ్మం

కోకాపేట,
ఫిబ్రవరి 9

అమ్మలూ,

నీకు ఉత్తరం రాయనని ఒట్టు పెట్టుకుని యాభై రెండు రోజులైంది. ఇవాళ పొద్దున ఇడ్లీ తింటూ ఆ ఒట్టు గట్టున పెట్టేశాను. ఒట్లమీద నమ్మకం నీలాంటివాళ్ళకుంటుంది, నాకెందుకు?

మాదాపూర్‌లో మంచి ఉద్యోగం. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. ఇరవై నాలుగేళ్ళ వయసు. మా చెల్లెలు వాసంతికి ఒక్కగానొక్క కూతురు. అలాంటి పిల్ల మధ్యాహ్నం భోజనాల వేళ టిఫిన్ సెంటరు మేడమీదున్న దీపవాహిని మిషన్ చదువుల గదికి పోవడం మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండా తెల్లచీర కట్టుకుని, ధర్మప్రచారానికి మారిషస్ వెళ్ళిపోయింది! విమానాశ్రయంలో మీ అమ్మ ఏడవలేదు. నేను ఏడ్చాను. నాస్తికులు ఏడవకూడదని ఎక్కడా లేదు.

ఒకటి అడుగుతాను, జవాబు చెప్పు. మన వీధిలో ఎవరో చేతిలో పుస్తకం పట్టుకుని వచ్చి, ప్రేమగా తలుపు కొట్టి, మా దేవుడి గురించి రెండు మాటలు చెప్తామంటే మన కుటుంబం వాట్సాప్ గ్రూపు మూడు రోజులు మండిపోతుంది. అదే మన పిల్ల సముద్రం దాటి వెళ్ళి పరాయివాళ్ళ తలుపు కొడితే, అదే గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు నలభై! లెక్కపెట్టాను. తలుపు కొట్టడం తప్పయితే అందరికీ తప్పు, ఒప్పయితే అందరికీ ఒప్పు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇరవై ఏడేళ్ళుగా సివిక్స్ చెప్తున్నాను. మొదటి పాఠమే అది.

తొలి ఏడాది ఫోను ముట్టుకోకూడదట. సోమవారం సోమవారం ఉత్తరం మాత్రం రాయొచ్చట. అదీ మీ మాతాజీ చదివాకట! నేను కాగితంమీద రాస్తే మీ సరిత అత్తయ్య ఫోటో తీసి మెయిల్ చేస్తుంది. కనక ఇక్కడే ఒక ముక్క: మాతాజీ గారూ, నమస్కారమండి. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవొచ్చని ఏ శాస్త్రంలో ఉందో కాస్త రాసి పంపితే మా పిల్లలకు పాఠం చెప్పుకుంటాను.

నీ మావయ్య,
రామబ్రహ్మం
(ఈ పేరు మీ తాతయ్య చేసిన అన్యాయం. నా ప్రమేయం లేదు.)


రోజ్‌బెల్, మారిషస్,
ఫిబ్రవరి 17, సోమవారం

మావయ్యా,

నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం. ప్రకృతి అందంగా ఉంది. ప్రజలు భక్తిశ్రద్ధలు గలవారు. గురువుల కృపవల్ల మా సేవ చక్కగా సాగుతోంది.

ఇగో, మమత నా భుజంమీంచి తొంగి చూసి నవ్వుతోంది. "ఏందే గిది, ఉత్తరమా, కరపత్రమా?" అంటోంది. మేం ఎక్కడికెళ్ళినా జంటగానే వెళ్ళాలి. నా జంట మమత. వాళ్ళది మీ కోకాపేట పక్కనే నార్సింగి. మీరుండే టవర్ జాగాలో వాళ్ళ తాత జొన్నలు వేశాడట. "మీ మావయ్యకు చెప్పు, ఆయన బెడ్రూమున్న కాడ మా బర్రె ఈనింది" అని రాయమంది. రాశాను.

మా రోజు నాలుగున్నరకు మొదలు. ధ్యానం, వంట, పాఠం. తొమ్మిదింటికి గొడుగులు పట్టుకుని చెరకు తోటల మధ్య నడక, ఇంటింటికీ వెళ్ళడం. కోరంగి రేవులో ఓడ ఎక్కించి చెరకు కూలికి తీసుకొచ్చిన మనవాళ్ళ మునిమనవలు వీళ్ళంతా. మాట్లాడేది ఫ్రెంచిలోంచి పుట్టిన క్రియోల్. పాడేది తెలుగు. పెద్దవాళ్ళకు కాస్త తెలుగు మాట కూడా మిగిలింది. తలుపు మొహాన వెయ్యడం ఇక్కడ లేదు, ముందు కూర్చోబెట్టి నిమ్మరసం ఇస్తారు, తర్వాత "మాకు దేవుడున్నాడమ్మా, మళ్ళీ రండి" అని పంపేస్తారు. ఒకసారి ఒక్కరోజే పదకొండు నిమ్మరసాలు తాగాను. కుక్కలు కూడా మర్యాదస్తులే.

మోటారుసైకిలుమీద పెట్టె పెట్టుకుని ధాల్‌పూరీ అని పప్పు కూరిన రొట్టెలు అమ్ముతారు. లోపల ఉల్లిపాయ. మాకు ఉల్లి నిషిద్ధం. మమత వాసన పీల్చి, "దేవుడు జర అటు మొకం తిప్పినప్పుడు తిందాం" అంటుంది. ఆయన తిప్పట్లేదు.

నీ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది కానీ, నీకు నచ్చదు. నేను తలుపు కొడుతున్నది ఎవర్నీ మార్చడానికి కాదు. మాదాపూర్‌లో నా పని నీకు తెలుసుగా. రోజంతా తప్పు వెతకడం, నా పనిలో ఇంకొకరు తప్పు వెతకడం, సాయంత్రం హాస్టల్లో అద్దం ముందు నాలో నేనే వెతుక్కోవడం. ఆ చదువుల గదిలో కళ్ళు మూసుకుని కూర్చుంటే మొట్టమొదటిసారి, నన్ను ఎవరో తప్పులు వెతక్కుండా చూస్తున్నట్టు అనిపించింది. నువ్వు దానికి ఏ పేరైనా పెట్టుకో. నేను దేవుడంటాను. అది నలుగురికీ చెప్పాలనిపించింది, అంతే.

అన్నట్టు, నా పాత విద్య ఇక్కడ కూడా అక్కరకొచ్చింది. మాతాజీ మెచ్చుకుంది.

నీ రసజ్ఞ

(కింద పెన్సిలుతో, వేరే చేతిరాత) రామబ్రహ్మం గారికి: శాస్త్రంలో లేదండి. మా కార్యాలయ నియమావళిలో ఉంది, పదకొండోది. మీ దస్తూరి చదవడానికి నేను రెండు కళ్ళజోళ్ళు వాడవలసి వచ్చింది.


కోకాపేట,
మార్చి 2

అమ్మలూ,

నియమావళి! విన్నావా? పరాయి ఉత్తరం చదవొచ్చని వాళ్ళే రాసుకుని, వాళ్ళే చదివేస్తారు. ఈ దేశంలో అన్యాయమంతా ఇలాగే జరిగింది. ఎవడో ఒకడు కూర్చుని చక్కటి దస్తూరితో ఒక నియమం రాస్తాడు. తర్వాతివాళ్ళు అది కొండల్లా, నదుల్లా ఎప్పటినుంచో ఉందనుకుని తలొంచుకుపోతారు. మాతాజీ గారూ, మీ హాస్యం మాత్రం బాగుందండి.

ఇక నీ సంగతి. కళ్ళు మూసుకుంటే బాగుందన్నావు. బాగుంటే మూసుకో. నేనెవర్ని వద్దనడానికి? కానీ ఆ కూలీల మునిమనవలకు మీరు వెళ్ళి నేర్పేదేమిటి? ఓడలో ఎంతమందో చచ్చారు. మిగిలినవాళ్ళు కొరడా కింద చెరకు కొట్టారు. భాష పోయింది, ఊరు పోయింది, దేవుణ్ణి మాత్రం పిడికిట్లో పట్టుకున్నారు. నేను దేవుణ్ణి నమ్మను, ఆ పిడికిలిని నమ్ముతాను. దాన్ని విప్పి చూపించమని అడిగే హక్కు మీ మిషన్‌కు ఎవరిచ్చారు?

మా చంద్రమ్మను అడిగాను. పదేళ్ళుగా మా ఇంట్లో వంట చేస్తోంది కదా, నిన్ను ఎరుగును కదా. "పిల్ల దేవుని పనికి పోయిందా? మంచిగనే ఉంది. ఆదివారం సెలవుంటదా సారూ ఆడ?" అంది. నూటికి నూరు మార్కులు! ఇరవయ్యేడో అంతస్తులో ఉంటున్నా నేను మారలేదమ్మలూ. ఈ ఫ్లాటు మీ అత్తయ్య జీతంది, సిద్ధాంతం నాది. మా ఇంట్లో చంద్రమ్మకు వేరే గ్లాసు లేదు, వేరే కుర్చీ లేదు. సోఫాలో కూర్చుని టీ తాగుతుంది. ఈ టవర్లో అలాంటి ఇళ్ళు ఎన్నో లెక్కపెట్టు, ఒక చేతి వేళ్ళు చాలు.

ముందు నువ్వు ఇంటికి వచ్చెయ్. దేవుడు రాయదుర్గం మెట్రోలో కూడా ఉంటాడుగా, మీ లెక్కప్రకారం.

మావయ్య


రోజ్‌బెల్,
మార్చి 24, సోమవారం

మావయ్యా,

తుఫాను హెచ్చరిక మూడో నంబరు ఇచ్చారు. రెండు రోజులు తలుపులు బిడాయించుకుని కూర్చున్నాం. మమత లోపల కూర్చుని బతుకమ్మ పాటలన్నీ పాడేసింది. మాతాజీ మొదట గొంతు సవరించుకుంది, మూడో పాటకు చప్పట్లు కొట్టింది.

ఇక్కడ నాకొక స్నేహితురాలు దొరికింది. అంకమ్మ అవ్వ. ఎనభై ఒకటి. ఊరి చివర నల్లరాతి అమ్మోరు ఉంది, ఆ రాతికి దీపం పెట్టేది అవ్వే. అంతకుముందు అవ్వ అమ్మ. అంతకుముందు ఓడలో వచ్చిన ముత్తవ్వ. ఏటా జూన్‌లో అమ్మోరి పండుగ. ఊరంతా ఒకే కుండలో అంబలి కాస్తారు. అవ్వ కాచి, దీపం వెలిగించి, అందరికీ తన చేత్తో పోస్తుంది. మంత్రం లేదు. "తల్లీ, ఈ ఏడు కూడా ఉన్నాం" అంటుంది, అంతే. అవ్వ చెప్తుంటే నాకు ఆ ఒక్క మాటకే ఒళ్ళు గగుర్పొడిచింది.

ఒక చిక్కొచ్చింది. మా మిషన్ కట్టిన కొత్త హాల్లోకి అమ్మోరిని మారుస్తారట. ఇండియా నుంచి శిక్షణ పొందిన పూజారి వస్తాడు. అంబలి ఉండదు, పులిహోర ఉంటుంది. దీపం పూజారే పెడతాడు. అవ్వకు ముందు వరుసలో కుర్చీ వేస్తారట. ఎవరో నివేదిక ఇచ్చారట, ఇక్కడి పూజలో లోపాలున్నాయని. అవ్వ "కుర్చీకి చేతులుంటాయా?" అని మాత్రం అడిగింది.

నువ్వు నన్ను లెక్కపెట్టమన్నావుగా, నేనూ నీకో ప్రశ్న. మీ ఇంట్లో చంద్రమ్మకు వేరే గ్లాసు లేదు, సరే. మరి ఇరవయ్యేడో అంతస్తుకు ఆవిడ ఏ లిఫ్టులో వస్తుంది?

రసజ్ఞ


కోకాపేట,
ఏప్రిల్ 6

అమ్మలూ,

నీ ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు ఆ నివేదిక.

ఎవడమ్మా రాసింది? పేరు కనుక్కో. నూటయాభై ఏళ్ళు ఒక కుటుంబం ఆడవాళ్ళు మోసిన దీపాన్ని కాగితంమీద ఒక గీతతో లాగేసుకున్న ఆ మహానుభావుణ్ణి నేను చూడాలి! వాడు చదువుకున్నవాడే అయి ఉంటాడు. చదువులేనివాడు ఇంత శుభ్రంగా పాపం చెయ్యలేడు. గడులు గీసి ఉంటాడు. అంకెలు వేసి ఉంటాడు. పైగా మంచి చేస్తున్నాననుకుని ఉంటాడు, అది అన్నిటికన్నా దరిద్రం! చెడ్డవాడితో పోట్లాడొచ్చు, సాయంత్రానికి అలిసిపోతాడు. మంచి చేస్తున్నాననుకునేవాడు అలిసిపోడు.

ఇక లిఫ్టు.

నీ ఉత్తరం రాగానే నాకు కోపమొచ్చింది. నేనెప్పుడూ చంద్రమ్మను ఏ లిఫ్టూ ఎక్కొద్దనలేదే అని. మర్నాడు ఆవిణ్ణే అడిగాను.

"గా వెనక లిఫ్టులనే సారూ. సామాన్ల లిఫ్టు. కుక్కలు గూడ దాన్లనే."

"ముందు లిఫ్టులో ఎందుకు రావు?"

"రూలున్నది కద సారూ. వాచ్‌మన్ దించేస్తడు. ఎవరన్న ఇల్లు మారితె సోఫాలు, బీరువలు ఎక్కిస్తరు, అర్ధగంట నిలవడాలె. గందుకే నేను లేటైతె మేడం గుస్సా అయితది."

మీ అత్తయ్య తల ఎత్తలేదు. నేను మా ఫ్లాట్ల సంఘం ఆఫీసుకు పరిగెత్తాను. ఆ రూలు చూపించండి, ఏ ఫ్యూడల్ బుర్రలో పుట్టిందో నేను చూడాలి అని అరిచాను. గుమస్తా పాత ఫైలు తీసి చూపించాడు. పదిహేడో నిబంధన: "గృహ సహాయకులు సేవా లిఫ్టును మాత్రమే ఉపయోగించవలెను." చేత్తో రాసిన చిత్తుప్రతి.

దస్తూరి నాదే.

ఆరేళ్ళ క్రితం, కొత్తగా దిగినప్పుడు, "మాస్టారూ, మీరు సివిక్స్ చెప్తారు కదా, నియమావళి మీరే రాయండి" అని పార్థసారథి గారు బతిమాలారు. ఆయన సంఘం అధ్యక్షుడు. ఇంకో టవర్‌ది ఇచ్చి దీని ప్రకారం రాయమన్నారు. పొంగిపోయి ముప్పై నాలుగు నిబంధనలు రాశాను. ఒక్కచోట ఆగి ఆలోచించలేదు. 'పనిమనిషి' అన్న మాట కొట్టేసి 'గృహ సహాయకులు' అని గౌరవంగా మార్చాను కూడా! అదీ నా విప్లవం.

మీ అత్తయ్య నవ్వుతోంది. నాలుగు రోజులుగా నవ్వుతూనే ఉంది.

మావయ్య


రోజ్‌బెల్,
మే 5, సోమవారం

మావయ్యా,

నెల రోజులు రాయలేదు. నీ ఉత్తరం చదివాక రాయలేకపోయాను.

నువ్వు చూడాలన్న ఆ మహానుభావుడు నేనే. పోయిన ఉత్తరంలో 'ఎవరో' అని దాటేశాను.

జనవరిలో మాతాజీ నన్ను ఊరి పూజలు చూసి రమ్మంది, అంతే. నన్నెవరూ లోపాలు రాయమనలేదు. అలవాటు. చూసిందాన్ని పట్టికగా రాశాను. గమనించిన లోపాలు పద్నాలుగు. ఒకటి: పూజ చేసేవారు శిక్షణ లేని స్త్రీ. నాలుగు: నైవేద్యం పక్కన ఎండుచేప. తొమ్మిది: మంత్రం లేదు. ప్రతిదాని పక్కన తీవ్రత వేశాను, ఆఫీసులో వేసినట్టే. ఒకటో దానికి 'అత్యధికం'. చివరి వరుసలో 'సూచించిన పరిష్కారం'. హాలు, పూజారి, కుర్చీ, అన్నీ నా సూచనలే మావయ్యా. కుర్చీ గౌరవం కోసం పెట్టాను. నీ 'గృహ సహాయకులు' లాగే.

మా ఫారంలో పూర్వీకుల కులం అని ఒక గడి ఉంది. అడిగితే అవ్వ "చెరకు కొట్టే కులం" అంది. నేను 'సమాచారం లేదు' అని రాశాను. సమాచారం అంతకన్నా ఏముంటుంది?

నన్ను తప్పులు వెతక్కుండా ఎవరో చూశారని ఇంత దూరం వచ్చాను. వచ్చి చేసింది ఇదీ.

మాతాజీకి రెండో నివేదిక ఇచ్చాను, మొదటిది తప్పని. "ముహూర్తం పెట్టేశారు, పూజారికి టికెట్ కొన్నారు, కేంద్రం మాట నేను కాదనలేను" అంది. ఇక అవ్వ దగ్గరికెళ్ళి చెప్పేశాను. ఏడ్చాను. అవ్వ ఆశ్చర్యపోలేదు. "నువ్వు రాస్తుంటే పక్కన కూర్చుని టీ పోసింది నేనే కదా! ఎంత పొడుగు రాస్తోందీ పిల్ల అనుకున్నాను" అంది. తర్వాత లోపలికెళ్ళి పాత చేట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఇక్కడి కట్టుబాటు ఇది. పండుగ అంబలికి బియ్యం ఎవరి ఇంట్లోవీ వాడరు. ఏడు ఇళ్ళలో అడుక్కు రావాలి. అడుక్కునేది ఎవరంటే, ఆ ఏడాది ఊరికి తప్పు చేశానని తనంతట తానే ఒప్పుకున్నవాళ్ళు. ఎవరూ లేకపోతే చేట అవ్వే పట్టుకుంటుంది. ఏ గుమ్మం దగ్గరైనా మూడుసార్లకు మించి అడగకూడదు. పోస్తే, ఆ ఇంటివాళ్ళు ఆ కుండలోది తింటామని, అవ్వ చేతి దీపానికి దణ్ణం పెడతామని ఒప్పుకున్నట్టు. ఏడింటిలో ఒక్క ఇల్లు పొయ్యకపోయినా ఆ ఏడు కుండ ఎక్కదు, దీపం లేదు. పంతొమ్మిది వందల అరవైలో పెద్ద తుఫాను వచ్చి ఏడు ఇళ్ళలో ఐదు ఎగిరిపోతే కూడా, శిథిలాల్లోంచి తడిసిన బియ్యం ఏరి పోశారట. ఆ ఏడు ఇళ్ళు ఎప్పుడూ అవే.

ఏడో ఇంటిని పోయిన ఏడు పండుగ కాగానే కొని, పడగొట్టి, ఆ జాగాలో కట్టిందే మా మిషన్ ఇల్లు.

అంటే జూన్ ఏడున, శనివారం, నేను మా మిషన్ గుమ్మం ముందే నిలబడి అడగాలి. సేవికలు బిచ్చం ఎత్తకూడదని మాకు నియమం. పంపించేస్తే పంపించేస్తారు. దానికి కాదు నా భయం. పొయ్యకపోతే, ఈసారి అవ్వ దీపాన్ని నిజంగా ఆర్పింది నేనే అవుతాను. అవ్వకు ఎనభై ఒకటి, వచ్చే ఏటికి మాట ఇవ్వనంటోంది. మమత "నేను గూడ వస్త, జంట అంటె జంటే" అంటోంది.

ఈ ఉత్తరం కూడా మాతాజీ చదివాకే నీకు వస్తుంది. చదవాలనే రాశాను.

రసజ్ఞ

(పెన్సిలుతో) చదివాను.


కోకాపేట,
మే 18

మాతాజీ గారికి,

ఈ ఉత్తరం మీకేనండి. కావాలంటే మా రసజ్ఞను చదవనివ్వండి, నియమం తిరగేసినట్టు ఉంటుంది.

ఉన్నమాట చెప్తాను. మీరు ఆ పిల్లను పంపించేస్తే నాకు పండుగ. రాయదుర్గం స్టేషన్ నుంచి డప్పులతో తీసుకొస్తాను. మీ మిషన్ రేపు పొద్దున మూతపడితే నేను మిఠాయి పంచుతాను. మీ దేవుడు లేడు. నా వాదనలో ఒక్క అక్షరం మారలేదు. అయినా మిమ్మల్ని అడుగుతున్నాను: జూన్ ఏడున ఆ చేటలో గుప్పెడు బియ్యం పొయ్యండి.

ఎందుకంటే ఆ పిల్ల మీ దగ్గరికొచ్చాకే, తన తప్పు తాను పేరు పెట్టి చెప్పడం నేర్చుకుంది. నేను ముప్పై ఏళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నాను, నా దస్తూరి నేను గుర్తుపట్టడానికి ఫైలు తెరవాల్సి వచ్చింది. అది మీరు నేర్పారో, ఆ ముసలావిడ నేర్పిందో, నాకు అనవసరం. నేర్చుకుంది.

కేంద్రం మాట కాదనలేరట. మా సంగతి వినండి. పదిహేడో నిబంధన రద్దు చెయ్యాలని సర్వసభ్య సమావేశంలో యాభై నిమిషాలు మాట్లాడాను. రాజ్యాంగం చదివాను. ఓటింగు: రద్దు చెయ్యాలన్నవాళ్ళు ముప్పై ఒకరు, వద్దన్నవాళ్ళు మూడు వందల ఎనిమిది. పార్థసారథి గారు "మాస్టారూ, ఎంత బాగా రాశారండి, ఎందుకు కొట్టెయ్యడం?" అన్నారు. మర్నాటినుంచి నిరసనగా నేను సామాన్ల లిఫ్టే ఎక్కాను. నాలుగో రోజున చంద్రమ్మ చేతులు జోడించింది. "సారూ, మీ కాల్మొక్త, జర మీ లిఫ్టుల మీరు పోండ్రి. మేం ఆడోళ్ళం నవ్వుకునేది గా లిఫ్టులనే. మీరున్నరని అందరం సప్పుడు జేస్తలేం." విన్నారా? పోరాటం ఆవిడ కోసం, ఇబ్బంది ఆవిడకే!

అప్పుడు మా ఆవిడ, ఆరు నెలలకోసారి ఒక మాట మాట్లాడే మనిషి, గేటు యాప్ తెరిచింది. రోజూ చంద్రమ్మ రాగానే 'పని సిబ్బంది' అనే చోట నొక్కుతాం. ఆ రోజు 'అతిథి' అనే చోట నొక్కింది. అతిథులు ఏ లిఫ్టైనా ఎక్కవచ్చు, ఇరవై రెండో నిబంధన. అదీ నేనే రాశాను. వాచ్‌మన్ ఫోను చూశాడు, చంద్రమ్మను చూశాడు, ముందు లిఫ్టు తలుపు పట్టుకున్నాడు. ఇప్పుడు నలభై రెండు ఇళ్ళు 'అతిథి' నొక్కుతున్నాయి. ఓటు వేసినప్పుడు ముప్పై ఒకటే! ఎవరికి ఏ లిఫ్టు ఇష్టమైతే అది ఎక్కుతున్నారు. చంద్రమ్మ ఆలస్యమైతే ముందుది, కబుర్లుంటే వెనకది.

మీ కేంద్రాన్ని మీరు ఎదిరించనక్కర్లేదండి. నియమావళి మార్చనక్కర్లేదు. ఒక ఇల్లు, గుమ్మంలోకి వచ్చిన మనిషికి ఏం చేస్తుందో అదే చెయ్యండి.

చెయ్యకపోతే నా దస్తూరిలో ఇంకో నలభై ఉత్తరాలు వస్తాయి.

రామబ్రహ్మం


రోజ్‌బెల్,
జూన్ 9, సోమవారం

మావయ్యా,

ముందే చెప్పేస్తున్నాను, డప్పులవాళ్ళకు చెప్పి ఉంటే వద్దను. నేను రావడం లేదు. తొలి ఏడాది పూర్తి చేస్తాను, ఆ తర్వాత ఇంకో ఏడాది అడుగుతాను. నాకు దేవుడు ఇప్పుడు ఎక్కువే కావలసి వస్తున్నాడు, తక్కువ కాదు. ఇది నువ్వు నాతో ఉత్తరాల్లో ఎంత పోట్లాడినా మారదు. కానీ పోట్లాడు. మమతకు నీ ఉత్తరాలు చదివి వినిపించకపోతే అన్నం సయించట్లేదు.

శనివారం పొద్దున ఎముకలు కొరికే చలి. ఇక్కడ జూన్ అంటే చలికాలం. తెల్లచీరతోనే వెళ్ళాను, చేతిలో చేట. మమత వెనక గొడుగు పట్టింది, వానా లేదు, ఎండా లేదు. "ఏదో ఒకటి పట్టుకోవాలె కదనే" అంది. మొదటి ఇంట్లో, నేను నెలల తరబడి ఎక్కడ నిమ్మరసం తాగానో అక్కడే, నోట్లోనే గొణిగాను. ఆ ఇంటాయన "గట్టిగా అడుగమ్మా, లోపల రేడియో మోగుతోంది" అన్నాడు. అడిగాను. పోశాడు. నేనేం తప్పు చేశానని ఎవరూ అడగలేదు. అడగకూడదట, అదీ కట్టుబాటే. మావయ్యా, తలుపు కొట్టి చెప్పడం నాకు ఆర్నెల్లుగా వచ్చు. తలుపు కొట్టి అడగడం అదే మొదలు. రెండింటికీ మోకాళ్ళలో తేడా తెలుస్తుంది.

ఆరు ఇళ్ళు అయ్యాయి. ఏడో దానికి నడుస్తుంటే వెనక ఆ ఆరు ఇళ్ళవాళ్ళూ వచ్చారు, పిల్లలతో, ముసలివాళ్ళతో. అవ్వ కర్రపట్టుకుని అందరికన్నా వెనక. రోడ్డుమీదే ఆగిపోయారు. హాలు గోడకు సున్నం వాసన ఇంకా పోలేదు. మొన్ననే దిగిన కొత్త పూజారి కిటికీలోంచి చూస్తున్నాడు.

మొదటిసారి అడిగాను. ఎవరూ రాలేదు.

రెండోసారి అడిగాను. మాతాజీ వచ్చి గుమ్మంలో నిలబడింది. నన్ను చూసింది, చేటను చూసింది, రోడ్డుమీది జనాన్ని చూసింది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు ఓరగా పడింది.

మమత నా చీర కొంగు పట్టుకుంది. మూడోసారి అడిగితే ఇక అయిపోయినట్టే కదా, అందుకే అడగలేకపోయాను. రోడ్డుమీద ఒక పసిపిల్ల తుమ్మితే అందరం ఉలిక్కిపడ్డాం. చివరికి అడిగాను.

తలుపు తెరుచుకుంది. మాతాజీ చేతిలో ఇత్తడి గిన్నె. లోపల డబ్బాలన్నీ వెతకాల్సి వచ్చినట్టుంది, కొంగుకు పసుపు, మోచేతికి పిండి. గిన్నె వంచబోయి ఆగింది. నామీంచి అవ్వ వైపు చూసి, పూజ గదిలో మాట్లాడే గొంతుతో కాకుండా, మామూలు ఆడమనిషిలా అడిగింది:

"మా దగ్గర బాస్మతే ఉందండి. అంబలి చిక్కబడుతుందా?"

అవ్వ ముందుకొచ్చింది. గిన్నెలోంచి రెండు గింజలు తీసి కొరికి చూసింది.

"పడదు," అంది. "చాలాసేపు కలపాలి."

"ఎవరు కలుపుతారు?"

"నువ్వు," అంది అవ్వ.

మాతాజీ గిన్నెను చేటలోకి వంచేసింది. ఆ రోజంతా కలిపింది. నిన్న ఊరి చివర ఆ నల్లరాతి దగ్గరే అవ్వ దీపం వెలిగించి "తల్లీ, ఈ ఏడు కూడా ఉన్నాం" అన్నప్పుడు, మాతాజీ కుడి చెయ్యి నొప్పితో పైకి లేవక ఎడమ చేత్తో దణ్ణం పెట్టుకుంది.

రసజ్ఞ